పునరుత్థానం: ఈస్టర్ నమ్మకంలో శరీరానికి ఉన్న చోటు

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఎవరైనా కన్నుమూస్తే గోడలకు అంటించే కాగితాల మీద, జ్ఞాపకార్థ కూడిక పత్రికల మీద, తర్వాత సమాధి రాయి మీద ఒకే మాట కనిపిస్తూ ఉంటుంది: ‘ప్రభువునందు నిద్రించారు’. చావు అనే కటువైన మాటను మెత్తబరిచే మర్యాదలా వినిపించినా, దాని వెనుక దాదాపు రెండు వేల ఏళ్ల వాదం ఉంది. కొత్త నిబంధనను రాసిన గ్రీకు భాషలో యేసు లేచాడని చెప్పడానికి ముఖ్యంగా రెండు మాటలు వాడారు. ఒకదానికి నిద్ర లేపడమని, రెండోదైన ‘అనాస్తాసిస్’కు లేచి నిలబడడమని అర్థం. తమ వారిని పాతిపెట్టే స్థలానికి ఆ కాలపు క్రైస్తవులు పెట్టుకున్న పేరుకు అర్థం ‘పడుకునే చోటు’. ఇంగ్లీషులోని సెమెటరీ అనే మాట దాని నుంచి పుట్టిందే. పడుకోవడం, లేవడం, నిలబడడం అనే ఈ పనులన్నీ ఒంటితో చేసేవే గానీ ఆత్మతో చేసేవి కావు. ఈస్టర్ పండుగ ఏమి చెబుతున్నదో అర్థం చేసుకోవడానికి మొదలుపెట్టవలసిన చోటు ఇదే అనిపిస్తుంది.

ఈస్టర్ నాడు తెలుగు ఊళ్లలో అనేక సంఘాల వారు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళతారు. అంతకు ముందే సమాధుల చుట్టూ పిచ్చిమొక్కలు పీకి, సున్నం వేసి ఉంచుతారు. ఆ వేకువన పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, తూరుపు ఎర్రబడే వేళకు పాటలు పాడతారు. వేకువ ఆరాధనను సమాధుల మధ్య జరిపే ఈ పద్ధతికి ప్రసిద్ధమైన మూలం జర్మనీలోని హెర్న్‌హూట్‌లో ఉంది. అక్కడి మొరేవియన్ సంఘపు యువకులు 1732 ఈస్టర్ ఉదయాన కొండ మీది శ్మశానంలో కూడి పాటలు పాడారు. తెలుగువారికి ఇది ఏ దారిన చేరినా, ఆచారం మాత్రం వేదాంత గ్రంథాల కన్నా సూటిగా ఉంది. పండుగ పూట శ్మశానానికి వెళ్లడం మన చుట్టూ ఉన్న సమాజంలో అశుభంగా తోచే పని. ఈస్టర్ ఆ పనినే పండుగలో మొదటి ఘట్టం చేసింది.

ఇక్కడ తెలుగులో ఒకదానికొకటి దగ్గరగా వినిపించే మూడు మాటలను విడదీసుకోవాలి. పునర్జన్మ అంటే జీవుడు పాత శరీరాన్ని వదిలి కొత్త శరీరంలోకి వెళ్లడం. చినిగిన బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు అని భగవద్గీత రెండో అధ్యాయంలో చెప్పిన ఉపమానం తెలుగు పాఠకులందరికీ తెలిసిందే. ఆ ఉపమానంలో శరీరం వస్త్రం. రెండోది పునర్జీవం: చచ్చినవాడు అదే శరీరంతో, అదే బతుకులోకి తిరిగి రావడం. యేసు జీవితాన్ని చెప్పే సువార్తల్లో లాజరు, నాయీను ఊరి విధవరాలి కొడుకు, యాయీరు కూతురు అలా తిరిగి వచ్చినవారే. వారు తర్వాత ముసలివారై మళ్లీ చనిపోయి ఉంటారని ఎవరైనా ఒప్పుకుంటారు. మూడోదైన పునరుత్థానం ఈ రెండూ కాదు. యేసు మరొక శరీరంలో పుట్టలేదు, పాత బతుకుకు తిరిగి రాలేదు. లేచిన క్రీస్తు ఇక చనిపోడని, మరణానికి ఆయన మీద అధికారం లేదని తొలి తరం క్రైస్తవ బోధకుడైన పౌలు రోమీయులకు రాశాడు. ఆ పాత శరీరమే, సమాధి చేసిన ఆ శరీరమే, చావు ముట్టుకోలేని స్థితిలోకి లేచిందన్నది క్రైస్తవుల నమ్మకం. చావు నుంచి వెనక్కి రావడం కాదిది, చావును దాటి ముందుకు వెళ్లడం.

బైబిలును తెలుగులోకి తెచ్చినవారు ‘ఉత్థానం’ అనే మాటను ఎంచుకోవడం అదృష్టమనే చెప్పాలి. కార్తీక మాసంలో విష్ణువు యోగనిద్ర నుంచి మేల్కొనే రోజును ఉత్థాన ఏకాదశి అంటారు కాబట్టి, నిద్ర లేవడమనే ఛాయ ఆ మాటలో తెలుగు చెవికి ముందే ఉంది. రెండు నమ్మకాలూ వేరు. మాటకు ఉన్న పాత అర్థం మాత్రం కొత్త అర్థానికి చక్కగా ఒదిగింది.

ఈ నమ్మకం మొదటి శతాబ్దపు యూదుల నేలలో పుట్టింది, అప్పటికే అక్కడ అది వివాదంలో ఉంది. యెరూషలేము దేవాలయంలో పెత్తనం ఉన్న సద్దూకయ్యులనే వర్గం వారు పునరుత్థానం లేదనేవారు, పరిసయ్యులనే మరో వర్గం వారు ఉందనేవారు. ఉందన్నవారికి ఆధారం దానియేలు గ్రంథం చివరి అధ్యాయం. మంటిలో నిద్రించేవారిలో అనేకులు మేల్కొంటారని, కొందరు నిత్యజీవానికి, కొందరు నిందకు లేస్తారని అది చెబుతుంది. కథోలికుల బైబిలులో ఉండి ప్రొటెస్టెంటుల బైబిలులో లేని మక్కబీయుల రెండో గ్రంథంలో ఇంకా బిగ్గరగా వినిపించే ఘట్టం ఒకటి ఉంది. రాజాజ్ఞకు లొంగని ఏడుగురు అన్నదమ్ములను ఒకరి తర్వాత ఒకరిని చిత్రహింస పెడుతుంటే, మూడోవాడు చేతులు చాచి, ఇవి పరలోకం నుంచి పొందినవే, మళ్లీ అక్కడి నుంచే పొందుతానని అంటాడు. అతను కోరినది ఆత్మశాంతి కాదు, నరికిన చేతులు. న్యాయం కోసం చచ్చినవాడికి న్యాయం ఎక్కడ జరగాలన్న ప్రశ్నకు జవాబుగా పుట్టిన నమ్మకం ఇది. అన్యాయం శరీరానికి జరిగినప్పుడు న్యాయం కూడా శరీరానికే జరగాలని అది పట్టుబట్టింది.

యేసు శిష్యులు చెప్పినదానిలో వింత ఏమిటంటే, యుగాంతంలో అందరికీ కలిసి జరుగుతుందని యూదులు ఎదురు చూసినది, చరిత్ర నడిమధ్యలో, ఒక్కడికి, ముందుగా జరిగిందనడం. దీన్ని వివరించడానికి పౌలు పొలం నుంచి మాట తెచ్చుకున్నాడు: క్రీస్తు నిద్రించినవారిలో ప్రథమఫలం. పస్కా పండుగ వారంలో యూదులు ఆ ఏటి పంటలో తొలి పనను, అంటే మొదటి కంకుల కట్టను, దేవునికి అర్పించేవారు. మిగతా పంట ఇంకా చేలోనే ఉంటుంది. తొలి పన ఇంటికి వచ్చిందంటే వెనుక కోత ఉందని అర్థం. కోత పండుగ జరుపుకొనే తెలుగు సంఘాలకు ఈ పోలిక విప్పి చెప్పనక్కరలేదు. ఈస్టర్‌ను ఒక్క మనిషికి జరిగిన అద్భుతంగా మాత్రమే చూసేవారు ఆ పనను చూసి చేనును మరిచిపోతున్నట్టే.

ఇక కథనం దగ్గరకు వస్తే, ఆశ్చర్యం కలిగించే మౌనం ఒకటి ఉంది. నాలుగు సువార్తల్లో ఏ ఒక్కటీ యేసు లేచిన క్షణాన్ని వర్ణించదు. సమాధి మూసేటప్పుడు చూసినవారు ఉన్నారు, తెరిచి ఉండగా చూసినవారు ఉన్నారు. మధ్యలో ఏమి జరిగిందో చూసినవారు లేరు. ఈ ఖాళీని భరించలేక సంఘం అంగీకరించని ‘పేతురు సువార్త’ అనే పాత రచన, ఆకాశమంత ఎత్తున్న మనుషులు సమాధిలో నుంచి నడిచి వస్తుంటే వెనుక సిలువ నడిచి వచ్చినట్టు రాసింది. సంఘం ఆ వర్ణనను పక్కన పెట్టి ఖాళీనే ఉంచుకుంది. చిత్రకారులు కూడా చాలా కాలం ఆ క్షణాన్ని తాకలేదు. తూర్పు సంఘాల ‘అనాస్తాసిస్’ చిత్రంలో క్రీస్తు సమాధి నుంచి బయటికి రాడు. పాతాళంలోకి దిగి ఆదాము హవ్వలను పైకి లాగుతాడు. ఇస్తాంబుల్‌లోని ఖోరా దేవాలయంలో 14వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో గోడ మీద వేసిన చిత్రంలో ఆయన వారిని పట్టుకున్నది అరచేతుల దగ్గర కాదు, మణికట్టుల దగ్గర. లేవడానికి వారు చేయగలిగింది ఏమీ లేదన్నట్టు. కాళ్ల కింద విరిగిన తలుపులు, తాళాలు చెల్లాచెదురుగా ఉంటాయి. మన మెదక్‌లో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మహాదేవాలయంలోని మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలకు వస్తువులు జననం, సిలువ మరణం, ఆరోహణం. లేచిన ఘడియకు అక్కడా కిటికీ లేదు. ఇది కాకతాళీయమే కావచ్చు, కానీ సువార్తల మౌనానికి మాత్రం సరిపోయింది.

ఆ మౌనం అంచున నిలబడినవారు స్త్రీలు. నాలుగు సువార్తలూ పేర్లలో, సంఖ్యలో తేడా పడినా మగ్దలేనే మరియ ఉందన్న విషయంలో తేడా పడవు. స్త్రీ సాక్ష్యానికి విలువ తక్కువగా కట్టిన ఆ కాలంలో కల్పించుకున్న కథ అయితే వారిని మొదటి సాక్షులుగా పెట్టేవారు కాదని క్రైస్తవ పండితులు తరచుగా వాదిస్తారు. వాదంలో బలం ఉంది, అయితే దానికి రెండో వైపు కూడా ఉంది. పౌలు కొరింథీయులకు ఇచ్చిన సాక్షుల జాబితాలో ఆ స్త్రీల పేర్లు లేవు. కేఫా (అంటే పేతురు), పన్నెండుగురు శిష్యులు, అయిదు వందలకు పైబడిన సహోదరులు, యాకోబు, అపొస్తలులందరు, చివరికి తాను. సంఘం మొదటి తరంలోనే మొదటి సాక్షులను వరుసలో నుంచి తప్పించడం మొదలైందేమో అన్న అనుమానం అన్యాయమైనది కాదు. అన్నిటికన్నా ముందు రాసినదని ఎక్కువమంది భావించే మార్కు సువార్త, మనకు దొరికిన 4వ శతాబ్దపు పాత ప్రతుల్లో స్త్రీలు వణుకుతూ పారిపోయారని, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదని ఆగిపోతుంది. ఇప్పుడు బైబిళ్లలో దాని తర్వాత కనిపించే పన్నెండు వచనాలు తర్వాతి కాలంలో చేరినవని పండితుల్లో అత్యధికుల అభిప్రాయం. ఈస్టర్‌కు తొలి స్పందన ఆనందం కాదు, భయం.

ఆ జాబితా ఉన్న లేఖ సుమారు క్రీ.శ. 55 నాటిది, అంటే సిలువ తర్వాత పాతికేళ్ల లోపుది. అందులోనూ పౌలు తాను కల్పించి చెప్పడం లేదని, తనకు అప్పగించినదాన్నే అప్పగిస్తున్నానని అంటాడు. అయిదు వందల మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని, కొందరు నిద్రించారని కూడా రాశాడు. గోడ కాగితం మీది మాట అక్కడి నుంచే వచ్చింది. చరిత్రకారుడు ఇంతవరకు నడవగలడు: యేసును సిలువ వేశారు, ఆయన లేచాడని శిష్యులు త్వరలోనే గట్టిగా నమ్మారు, ఆ నమ్మకం కోసం కష్టాలు పడ్డారు. ఆ పైన దారి చీలుతుంది. 20వ శతాబ్దపు జర్మన్ పండితుడు రుడాల్ఫ్ బుల్ట్‌మన్ ఈస్టర్‌ను సమాధి దగ్గర జరిగిన సంఘటనగా కాక శిష్యుల్లో పుట్టిన విశ్వాసంగా, సంఘం ప్రకటనలో ఎదురుపడే క్రీస్తుగా చదివాడు. ఆయన తర్వాతి తరం వాడైన వోల్ఫ్‌హార్ట్ పానెన్‌బర్గ్ దానికి ఒప్పుకోలేదు. చరిత్రలో జరిగిందని చెప్పే విషయాన్ని చరిత్ర పద్ధతులతోనే పరీక్షించాలని, పరీక్షకు అది నిలుస్తుందని వాదించాడు. పౌలు వీరిద్దరిలో ఎవరి పక్షాన నిలబడేవాడన్న దాంట్లో సందేహం తక్కువ. క్రీస్తు లేపబడకపోతే తమ ప్రకటన వ్యర్థం, వినేవారి విశ్వాసమూ వ్యర్థం అని తేల్చి చెప్పినవాడు, జరగకపోయినా అర్థం మిగులుతుందన్న ఓదార్పును ఒప్పుకొనే మనిషి కాడు.

అయితే లేచిన శరీరం ఎలాంటిదన్న ప్రశ్న దగ్గర సువార్తలు పాఠకుణ్ని తేలికగా వదలవు. తోటలో మరియ ఆయనను చూసి తోటమాలి అనుకుంటుంది, పేరు పెట్టి పిలిచాక గాని గుర్తుపట్టదు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు గంటల తరబడి కలిసి నడిచి, రొట్టె విరిచినప్పుడు గాని పోల్చుకోలేరు. మూసిన తలుపుల గదిలో ఆయన వచ్చి నిలబడతాడు, శిష్యుల ఎదుటే కాల్చిన చేప ముక్క తింటాడు. భూతమైతే తినదు, మామూలు మనిషైతే మూసిన తలుపు దాటి రాడు. రాసినవారు రెండింటినీ కాదనాలనే పట్టుదలతో ఉన్నారు. పౌలు విత్తనంతో పోల్చాడు: పాతినది, మొలిచినది ఒకటే, కానీ చూపుకు ఒకటి కాదు. ప్రకృతిసంబంధమైన శరీరంగా విత్తినది ఆత్మసంబంధమైన శరీరంగా లేస్తుందన్న ఆయన మాటలో చాలామంది ‘ఆత్మ’ దగ్గరే ఆగి, ‘శరీరం’ వదిలేస్తారు. గ్రీకు తత్వం చదువుకున్న ఏథెన్సువారికి ఆత్మ అమరత్వం కొత్త కాదు, మృతుల పునరుత్థానం అనగానే వారిలో కొందరు నవ్వారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. నవ్వు తెప్పించినది శరీరమే.

ఆ నవ్వుకు భయపడని వారు విచిత్రమైన ప్రశ్నలను కూడా తలకెత్తుకున్నారు. 5వ శతాబ్దం తొలి రోజుల్లో క్రైస్తవ వేదాంతి అగస్టీన్, కత్తిరించి పారేసిన గోళ్లు, జుట్టు ఏమవుతాయి, పసిగుడ్డుగా పోయినవారు ఏ వయసుతో లేస్తారు, మనిషిని మనిషి తింటే ఆ మాంసం ఎవరిది అన్న వాటి దాకా ఓపికగా విచారించాడు. ఇప్పటివారికి ఇవి హాస్యంగా తోస్తాయి, కానీ శరీరాన్ని నిజంగా లెక్కలోకి తీసుకున్నవాడికి తప్పని ప్రశ్నలవి. విశ్వాసం కోసం చంపబడిన హతసాక్షుల ఒంటి మీది గాయాల గుర్తులు లేచిన శరీరంలో వికారంగా కాక గౌరవంగా మిగులుతాయని ఆయన అనుకున్నాడు. దహనాన్ని గురించి కథోలిక సంఘం పడిన తటపటాయింపు కూడా ఈ కోవలోదే. పునరుత్థానాన్ని వెక్కిరించడానికి కొందరు దహనాన్ని ఎంచుకుంటున్న ఐరోపాలో 1886లో దాన్ని నిషేధించింది. 1963లో ఆ నిషేధం తీసివేసింది. 2016లో మాత్రం అస్థికలను వెదజల్లడం, ఇంట్లో పెట్టుకోవడం తగదని, పవిత్ర స్థలంలో భద్రపరచాలని చెప్పింది. దేవునికి బూడిద నుంచి లేపడం కష్టమని కాదు. పోయినవారిని ఎలా పడుకోబెడుతున్నామన్నది మన నమ్మకాన్ని చెబుతుందని.

సిలువతో కలిపి చూడకపోతే పునరుత్థానం ఉత్త అద్భుతంగా మిగిలిపోతుంది. రోమా సామ్రాజ్యంలో సిలువ ముఖ్యంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. మ్రాను మీద వేలాడినవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండంలో రాసి ఉంది. అంటే రాజ్యం, మతం రెండూ ఒక శరీరాన్ని పనికిరానిదని తీర్పు చెప్పాయి. యెరూషలేములో పేతురు చేసిన మొదటి ప్రసంగం ఎంత సూటిగా ఉందంటే, దాని సారమంతా ఒక వాక్యంలో పడుతుంది: మీరు చంపారు, దేవుడు లేపాడు. కింది కోర్టు తీర్పును పై కోర్టు కొట్టివేసినట్టు ఉంటుంది ఆ వాక్యం.

ఆ తీర్పు ఎవరి చెవికి ఎలా వినిపించిందో తెలుగు నేల మీద 19వ శతాబ్దంలో కనిపించింది. 1876–78 నాటి భయంకరమైన కరువు తర్వాత, 1878 జూలై 3న ఒంగోలు సమీపంలోని వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, తిండి కోసం వస్తున్నారన్న మాట పడకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. బాప్టిస్టుల పద్ధతిలో బాప్తిస్మమంటే నీటిలో పూర్తిగా ముంచి లేపడం. క్రీస్తుతో కూడా పాతిపెట్టబడి ఆయనతో లేవడమని పౌలు దానికి అర్థం చెప్పాడు. ఊరికి దూరంగా ఉంచిన, ముట్టుకోకూడదన్న, చచ్చిన పశువులను మోయడానికే పుట్టాయన్న ఒళ్లను ఏటిలోకి చేయి పట్టి దించి, చేయి పట్టి లేపారు. ఆ 2,222 మంది మనసుల్లో ఏమున్నదో ఎవరూ రాసిపెట్టలేదు, సామూహిక మతాంతరాలకు ఆర్థిక, సామాజిక కారణాలు వెతికేవారి మాటలోనూ నిజం ఉంది. అయినా ఆత్మలు మాత్రమే రక్షించబడతాయనే మతం, శరీరాన్నే అంటరానిదన్న సమాజంలో వారికి సగం జవాబే ఇచ్చి ఉండేది.

పండుగ తేదీ విషయం త్వరగా ముగించవచ్చు. మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే పౌర్ణమి తర్వాతి ఆదివారం ఈస్టర్. ఆ లెక్కన అది మార్చి 22, ఏప్రిల్ 25 మధ్య ఎప్పుడైనా రావచ్చు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో ఎక్కువ భాగం ఈ లెక్కకు పాత జూలియన్ పంచాంగాన్ని వాడతాయి కాబట్టి తరచుగా తేడా పడుతుంది. 2025లో ఇద్దరికీ ఏప్రిల్ 20నే వచ్చింది, 2026లో ఏప్రిల్ 5, ఏప్రిల్ 12గా విడిపోయింది. తేదీ కన్నా ముఖ్యమైనది వారం. యూదుల విశ్రాంతి దినం శనివారం. యేసు శిష్యులు వారపు మొదటి దినాన కూడుకోవడం మొదలుపెట్టారంటే కారణం ఈ సంఘటనే. రష్యన్ భాషలో ఆదివారానికి ఇప్పటికీ పేరు ‘పునరుత్థానం’. ఆ లెక్కన ఏడాదికి ఒక ఈస్టర్ కాదు, యాభై రెండు.

పండుగ సంవత్సరంలో అసలు ఈస్టర్ ఒక్క రోజు కాదు, పెంతెకొస్తు దాకా సాగే యాభై రోజులు. క్రీ.శ. 325లో జరిగిన నీకయ మహాసభ తన ఇరవయ్యో నియమంలో, ఆదివారాల్లోనూ ఈ యాభై రోజుల్లోనూ మోకరించకూడదని, నిలబడే ప్రార్థించాలని శాసించింది. పునరుత్థానాన్నే ‘నిలబడడం’ అని పిలిచిన భాషలో దానికి అంతకన్నా వివరణ అవసరం లేకపోయింది. తెలుగు సంఘాల ఆచరణ ఇందుకు దాదాపు తలకిందులుగా ఉంది. నలభై రోజుల శ్రమదినాలు ఉపవాసాలతో, గృహ కూటాలతో, మట్టల ఆదివారంతో నిండుగా నడుస్తాయి; శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ధ్యానానికి ఏడాదంతా కనబడనివారు కూడా వస్తారు. ఈస్టర్ ఒక్క పూటలో, సమాధుల తోట నుంచి గుడికి, గుడి నుంచి భోజనానికి అయిపోతుంది. దుఃఖానికి నలభై రోజులు ఇచ్చి, సంతోషానికి ఒక్క ఉదయం ఇవ్వడం వెనుక, సిలువను తమ బతుకులో గుర్తుపట్టడం తేలిక, లేవడాన్ని గుర్తుపట్టడం కష్టం అన్న అనుభవం ఉండవచ్చు.

మరుసటి ఆదివారానికి గుడిలో మళ్లీ మామూలు సంఖ్యే ఉంటుంది. కథోలికులు ఆ రోజు ఏటా చదివే భాగం యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయంలోది. ఆర్థడాక్స్ సంఘాలు ఆ ఆదివారాన్ని తోమా పేరుతోనే పిలుస్తాయి. తోటి శిష్యులు ప్రభువును చూశామన్నప్పుడు తోమా వెలుగును గాని, మహిమను గాని అడగలేదు. మేకుల గుర్తు అడిగాడు, పక్కలో బల్లెపు పోటు అడిగాడు. ఎనిమిది రోజుల తర్వాత మూసి ఉన్న అదే ఇంట్లో, లేచిన శరీరం మీద అవి మానిపోకుండా ఉన్నాయి; చేయి చాచి చూడమని ఆయనే పిలిచాడు.